నాయనకు లివర్ ఇయ్యబోతా ఉండాను, రోబోతో చేస్తామంటున్నారు. తెలిసినోళ్ళు చెప్పండి

చంద్రగిరి_పిల్ల · జూన్ 3, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి పక్కన పల్లె. నాకు 27. తిరుపతిలో బట్టలంగడిలో లెక్కలు రాస్తాను. మా నాయనకు 58, బరువు 68 కేజీలు, లివర్ సిరోసిస్. ముందే చెప్పేస్తా, నాయన జన్మలో చుక్క ముట్టలేదు. షుగరు, దాంతో లివర్‌కు కొవ్వు పట్టి, అదే ముదిరింది. ఏ ఆస్పత్రిలో ఫైలు తెరిచినా మొదట అడిగేది "ఎన్నేళ్ళుగా తాగతాడు?" అనే. మా అమ్మ ఆ మాటకు ఏడ్చినంత జబ్బుకు ఏడవలేదు.

మూడు నెల్లుగా కడుపులో నీళ్ళు తీయించుకోని వస్తా ఉండాము. లివర్ ఎంత పాడైందో చెప్పే మెల్డ్ స్కోరు 24 అన్నారు. చనిపోయినోళ్ళ లివర్ కోసం పేరు రాయించినాము, వంతు ఎప్పుడొస్తాదో ఎవురూ చెప్పలేరు. అమ్మకు కూడా షుగరు. అన్న 96 కేజీలు, ఫైబ్రోస్కాన్‌లో లివర్‌కు కొవ్వుండాదని చూసి వెనక్కి పంపేసినారు. మిగిలింది నేను. నాది ఓ పాజిటివ్, నాయనది బి పాజిటివ్, కుదురుతాది అన్నారు.

చెన్నైలో చూపిస్తా ఉండాము. అక్కడ డాక్టరు నాకు రోబోతో కూడా చెయ్యొచ్చు, పెద్ద కోత ఉండదు, కాకపోతే డబ్బు ఎక్కువ అవుతాది అన్నాడు. అప్పట్నుంచి అమ్మకు అదొక్కటే మాట: "పెళ్ళి కావాల్సిన పిల్ల, కడుపు మీద అంత కోత ఎట్లా? ఆ రోబోనే కానీ." నాకేమో మిషన్ అంటే భయం. మధ్యలో కరెంటు పోతే? చేయించుకున్నోళ్ళు ఎవురన్నా ఉంటే చెప్పండి.

---

పలమనేరు_పాలోడు · జూన్ 3, రాత్రి 11:05

పాపా, భయపడొద్దు. నేను 2017లో మా అన్నకు కుడి పక్క ముక్క ఇచ్చినా. అప్పుడు నాకు రోబో గీబో ఎవురూ చెప్పలే. పక్కటెముకల కింద హాకీ కట్టె మాదిరి వంకర కోత. ఇప్పటికీ ఆ కోత పైన జానెడు మేర స్పర్శ లేదు, చొక్కా గుండీ తగిలినా తెలీదు.

నాకొచ్చిన చిక్కు వేరే. కోసిన చోట పైత్యం కారింది. పక్కలో పెట్టిన గొట్టం 24 దినాలు తియ్యలేదు. పసుపుపచ్చ సంచి పట్టుకోని ఆ వరండాలో నేను తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తాది. "రెండు దినాల్లో ఆగిపోతాది" అని రోజూ చెప్పినారు గానీ ఎందుకు కారతా ఉండాదో ఒక్కడూ కూర్చోబెట్టి చెప్పలే. నా కోపమంతా దాని మీదే. ఆస్పత్రి పేరు చెప్పను.

నాలుగో నెలకు పాల క్యాను ఎత్తినా. అన్న బాగుండాడు, రోజూ నాతో కొట్లాడతాడు.

---

మత్తు_మామ · జూన్ 4, ఉదయం 6:40

చెల్లెమ్మా, నేను తిరుపతి స్విమ్స్‌లో అనస్థీషియా టెక్నాలజీ చదివి, ఇప్పుడు చెన్నైలో ఆపరేషన్ థియేటర్లో పని చేస్తున్నా. డాక్టర్ని కాను. రోజూ చూసేది చెప్తాను, అంతే.

రోబో దానంతట అది ఏమీ కొయ్యదు. నాలుగు చేతులున్న ఒక స్తంభం అది. ప్లాస్టిక్ తొడుగు వేసి మంచం మీదికి తెస్తే పెద్ద సాలెపురుగు వంగి చూస్తున్నట్టుంటుంది. ఒక చేతికి కెమెరా, మూడు చేతులకు పనిముట్లు. సర్జన్ అదే గదిలో ఒక మూల కూర్చుని, చెప్పులు విప్పేసి (కాళ్ళ కింద పెడళ్ళు తగలాలి కదా), తల ఆ పెట్టెలో పెడతాడు. ఆయన వేలు కదిలితేనే అది కదులుతుంది, ఆపితే ఆగుతుంది. చెయ్యి వణికితే ఆ వణుకును వడకట్టేస్తుంది. బొమ్మ పది రెట్లు పెద్దగా, లోతుతో సహా కనిపిస్తుంది. పనిముట్టు మొన మన మణికట్టు కన్నా ఎక్కువ పక్కలకు తిరుగుతుంది. లివర్ వెనక పెద్ద సిరకు అంటుకుని సన్నసన్న సిరలుంటాయి, అక్కడ ఆ తిరుగుడు బాగా పనికొస్తుంది.

కరెంటు గురించి అడిగావు. మిషన్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది, థియేటర్‌కు యూపీఎస్, జనరేటర్ వేరే. నేను కరెంటుకు భయపడను. నేను భయపడేది రక్తం చిమ్మినప్పుడు. ఓపెన్‌లో (పెద్ద కోత కోసి చేసేదాంట్లో) అయితే సర్జన్ వేలు పెట్టి ఆపేస్తాడు. రోబోలో ఆయన మూలన కూర్చుని ఉంటాడు, చేతులకు గ్లవ్స్ కూడా ఉండవు. మంచం పక్కన చేతులు కడుక్కుని నిలబడ్డ రెండో సర్జన్ ఆ నిమిషంలో ఏం చేస్తాడన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. రోబో చేతులు ఊడదీసి, మంచం ఖాళీ చేసి, కడుపు తెరవడం మేం ముందుగానే సాధన చేసి పెట్టుకుంటాం. అందుకని మీరు మిషన్ పేరు అడగడం కన్నా ఆ రెండో మనిషి ఎవరో అడగడం మేలు.

ఇంకో మాట, రోబో నీకే. నాయనకు మామూలుగా పెద్ద కోతే. పాడైన లివర్ మొత్తం తీసి నీది కుట్టాలి. పెట్టేది కూడా రోబోతో 2023లో రియాద్‌లో చేసి చూపించారు గానీ, మనలాంటి వాళ్ళకు అది ఇంకా దూరం.

---

నగరి_నేత · జూన్ 4, ఉదయం 9:18

నేను కొంచెం చేదుగా మాట్లాడతా, ఏమనుకోవద్దు. మా ఊర్లో పవర్‌లూమ్ కొన్నోడు మొదట అప్పు తీర్చుకుంటాడు, నాణ్యత ఆ తర్వాత చూస్తాడు. కోట్లు పెట్టి రోబో కొన్న ఆస్పత్రి దాన్ని ఖాళీగా పెట్టుకుంటుందా? దాత కడుపు మీద మచ్చ పేరు చెప్పి అమ్ముతారు. ఆడపిల్ల అయితే ఇంకా సులువు, తల్లి భయాన్నే అమ్ముతారు. ఉన్న డబ్బు నాయన మందులకు దాచుకోండి. జీవితాంతం వాడాల్సినవి అవి.

---

మత్తు_మామ · జూన్ 4, మధ్యాహ్నం 1:50

నగరి అన్న మాటలో సగం నిజం. ఖర్చు ఎందుకు ఎక్కువో చెప్తా. ఒక్కో పనిముట్టులో చిప్ ఉంటుంది, ఇన్నిసార్లు వాడాలని లెక్క. ఆ లెక్క అయిపోతే పనిముట్టు మెరుస్తున్నా సరే మిషన్ దాన్ని తీసుకోదు, పారెయ్యాల్సిందే. ఆ ఖర్చు బిల్లులో పడుతుంది. మిగతా సగం ఒప్పుకోను. పెద్ద కోత ఉన్న దాత దగ్గితే ఎట్లా మెలికలు తిరుగుతాడో నేను చూశాను. నొప్పికి దగ్గు ఆపుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది, జ్వరం వస్తుంది. రోబో వాళ్ళు మర్నాడే లేచి నడుస్తారు. రక్తం పోవడం కూడా తక్కువే. ఆపరేషన్ సమయం మాత్రం ఎక్కువ, అది దాచకూడదు.

---

అజ్ఞాత_సాయం · జూన్ 4, సాయంత్రం 5:31

[ఈ సందేశం తొలగించబడింది]

మోడరేటర్ · జూన్ 4, సాయంత్రం 5:44

"దాతను మేం చూస్తాం, ఫోన్ చెయ్యండి" అని రాసిన సందేశం తీసేశాం, ఖాతా మూసేశాం. అవయవాల బేరం 1994 చట్టం కింద నేరం. 2011 సవరణ తర్వాత 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి వరకు జరిమానా. ఇచ్చేవాళ్ళకీ, పుచ్చుకునేవాళ్ళకీ, మధ్యవర్తికీ. ఎవరికైనా ప్రైవేటుగా మెసేజ్ వచ్చి ఉంటే మాకు పంపండి.

---

మదనపల్లె_టమోటా · జూన్ 5, రాత్రి 9:27

నేను రోబోతో ఇచ్చినదాన్నే. (మాది ఇప్పుడు ఏ జిల్లానో అడక్కండి, చిత్తూరోళ్ళమనే చెప్పుకుంటాం.) మా బాబుకు పుట్టుకతోనే పిత్తనాళాలు మూసుకుపోయినాయి. రెండో నెలలో కసాయ్ ఆపరేషన్ చేశారు. పేరు వింటేనే భయమేసింది, తర్వాత తెలిసింది అది కనిపెట్టిన జపాన్ డాక్టరు పేరని. అది పనిచెయ్యలేదు. పదకొండో నెలలో నా లివర్ ఎడమ చివర ముక్క ఇచ్చాను.

కడుపు మీద పుల్లతో గుచ్చినట్టు ఐదు మచ్చలు, కింద చీర కుచ్చిళ్ళు దోపే చోటికి దిగువన అడ్డంగా ఒక కోత. ముక్కను సంచిలో వేసి అక్కడినుంచి బయటికి తీస్తారు. సిజేరియన్ కోతే అది. నాకు బాబుకు కోసిన గీత మీదే మళ్ళీ కోశారు. అంటే వాడు బయటికొచ్చిన దారినే వాడికోసం లివరూ వచ్చింది!

కడుపు నొప్పి కన్నా భుజం నొప్పి చంపేసింది. లోపల నింపిన గ్యాసు వల్లనట. మూడు రోజులు. ఎవరూ ముందు చెప్పలేదు, గుండెనొప్పేమో అనుకుని రాత్రి రెండింటికి నర్సును లేపాను.

కానీ చంద్రగిరి చెల్లీ, నా కథ చూసి నీది నిర్ణయించుకోవద్దు. నేను ఇచ్చింది చిన్న ముక్క, పాలపాకెట్టు బరువులో సగం. నువ్వు ఇవ్వబోయేది సగానికి పైన. రెండూ ఒకటి కావు.

---

లెక్కల_మాస్టారు · జూన్ 6, ఉదయం 5:15

నేను చిత్తూరులో రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అల్లుడికి ఈ ఆపరేషన్ అనుకున్నప్పుడు ఆరు నెలలు ఇదే చదివాను. మదనపల్లె అమ్మాయి సరిగ్గా పట్టుకుంది.

బతికున్న మనిషి లివర్ ముక్క పెట్టి మొదట విజయం సాధించింది 1989లో, ఆస్ట్రేలియా బ్రిస్బేన్‌లో. తల్లి నుంచి బిడ్డకు, ఎడమ ముక్క. పెద్దవాళ్ళకు కుడి భాగం పెట్టడం హాంగ్‌కాంగ్‌లో 1996లో మొదలైంది. కెమెరా గొట్టాలతో దాత ఎడమ చిన్న ముక్క తీయడం 2002లో పారిస్ వాళ్ళు చూపించారు. రోబోతో కుడి భాగం తీసినట్టు మొదటి నివేదిక వచ్చింది 2012లో, చికాగో నుంచి. చూడండి, రోబో రాకముందు ఎడమ ముందు, కుడి ఆ తర్వాత. కుడి కష్టం కాబట్టే. తర్వాత రియాద్‌లోని కింగ్ ఫైసల్ ఆస్పత్రి, సియోల్ వాళ్ళు, మన దేశంలో కోచి అమృత వాళ్ళు ఎక్కువగా చేశారు. పసిపిల్లల కోసం ఒకే ఒక్క సెగ్మెంటును (లివర్‌లో ఇంకా చిన్న భాగం) రోబోతో తీసిన సంగతి ప్రకటించింది మన పక్కనున్న చెన్నై రేలా ఆస్పత్రి వాళ్ళు. కాబట్టి చెన్నైలో ఇది వింత కాదు.

అమ్మాయీ, సీటీ రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టు. లెక్క నేను చూస్తా.

---

చంద్రగిరి_పిల్ల · జూన్ 19, రాత్రి 8:50

సీటీ, ఎమ్మారై, గుండె, ఊపిరి, గర్భసంచి అన్నీ చూసినారు. పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పంపినారు. మనసు డాక్టరు ఒకామె అమ్మను బయట కూర్చోబెట్టి నన్ను ఒంటరిగా అడిగింది: "ఎవురన్నా బలవంతం చేసినారా? ఇష్టం లేకుంటే చెప్పు, 'మీ లివర్ సరిపోదు' అని మేమే మీవాళ్ళకు చెప్తాము, నీ మాట బయటికి రాదు." నేను నవ్వేసినా. బయటికొచ్చినాక ఎందుకో ఏడుపొచ్చింది.

మాస్టారూ, అంకెలు: మొత్తం లివర్ 1,080. కుడి 640. ఎడమ 440. కొవ్వు లేదంట.

---

లెక్కల_మాస్టారు · జూన్ 19, రాత్రి 9:36

రెండు లెక్కలు, రెండూ నిలబడాలి.

నాయనకు: వచ్చే ముక్క ఆయన బరువులో కనీసం 0.8 శాతం ఉండాలంటారు. 68 కేజీలకు అది 544 గ్రాములు. కుడి భాగం ఇంచుమించు 640, అంటే 0.94 శాతం. సరిపోతుంది. ఎడమ ఇస్తే 440, 0.65 శాతం. చాలదు, అందుకే నీకు తేలికైన ఎడమను అడగలేదు.

నీకు: మిగిలేది 1,080లో 440. దాదాపు 41 శాతం. 30 నుంచి 35కు తగ్గితే ఒప్పుకోరు. నీకు చోటుంది. మొదటి రెండు నెలల్లోనే ఎక్కువ భాగం పెరిగిపోతుంది. అయితే కోసిన కొమ్మ మళ్ళీ మొలవదు, ఉన్న కొమ్మే లావవుతుంది. అందుకే జీవితంలో ఒక్కసారే ఇవ్వగలం.

ఇంకొక అంకె చెప్పక తప్పదు, ఇంట్లో ఎవరూ చెప్పరు కనుక. కుడి భాగం ఇచ్చే దాతల్లో వెయ్యికి ఇద్దరు నుంచి ఐదుగురు ప్రాణం పోగొట్టుకుంటారని ప్రపంచమంతా ఒప్పుకునే మాట. రోబో ఈ అంకెను తగ్గించిందని నేను ఎక్కడా చదవలేదు. తగ్గించేది నొప్పి, కోత, మంచం మీద ఉండే రోజులు.

---

కుప్పం_కోడలు · జూన్ 20, ఉదయం 7:02

నాకొకటి అర్థం కాదు. మగవాళ్ళ జబ్బుకు ఎప్పుడూ ఆడవాళ్ళే ఎందుకు ఇవ్వాలి? పెళ్ళాం, తల్లి, చెల్లి, కూతురు. మేము ఆస్పత్రిలో ఉన్న నెలలో వార్డులో ఆరుగురు దాతలుంటే ఐదుగురు ఆడవాళ్ళు. అన్నకు కొవ్వు ఉందన్నారు, సరే. తగ్గించుకోలేడా? మూడు నెలలు కష్టపడితే తగ్గుతుంది కదా. ఆ అమ్మాయికి ఇంకా పెళ్ళి కూడా కాలేదు.

---

చంద్రగిరి_పిల్ల · జూన్ 20, ఉదయం 8:15

అక్కా, అన్నను ఏమీ అనొద్దు. నాయనకు మూడు నెల్లు లేవు.

---

96_కేజీలు · జూన్ 20, రాత్రి 11:48

ఈ పేరుతో ఇప్పుడే చేరినా. నేనే ఆ అన్నని. చెల్లెలికి తెలీదు నేను ఇది చదవతా ఉండానని.

ఇప్పుడు 91. తెల్లారుజామున నాలుగింటికి అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కి దిగతా ఉండాను. సంగటి మానేసినా. నిన్న మళ్ళీ స్కాన్ చేయించుకున్నా, ఇంకా కాదన్నారు. కుప్పం అక్క అన్నదాంట్లో తప్పేమీ లేదు. రోబోకు పడే ఎక్కువ డబ్బు నేను కడతా, ఆటో అమ్మేస్తా. నేను చెయ్యగలిగింది అంతే. ఆపరేషన్ అయ్యేదాకా ఇది చెల్లెలికి చెప్పొద్దు. (చదివితే చదవనీ.)

---

పలమనేరు_పాలోడు · జూన్ 21, ఉదయం 5:30

తమ్ముడూ, ఆటో అమ్మొద్దురా. నాయన ఇంటికొచ్చినాక నెలనెలా చెన్నైకి తిప్పేది ఎవురు?

ముందు ఇన్సూరెన్సు చూడు. ముఖ్యమంత్రి సహాయనిధికి కూడా అర్జీ పెట్టు.

---

తిరుచానూరు_పాలసీ · జూన్ 21, ఉదయం 10:11

ఇన్సూరెన్సులో పనిచేస్తాను. రోబో ఆపరేషన్‌ను పాలసీలోంచి పూర్తిగా తీసెయ్యకూడదని ఇన్సూరెన్సు కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ చెప్పింది. కానీ చాలా కంపెనీలు దానికి వేరే పరిమితి పెట్టాయి. మొత్తం పాలసీ పది లక్షలున్నా "ఆధునిక చికిత్స" అన్న పేరా కింద తక్కువ రాసి ఉండొచ్చు. ఆ పేరా చదవండి. రెండోది, దాత ఆపరేషన్ ఖర్చు రోగి పాలసీలోంచి వస్తుంది. దాత ముందు చేయించుకునే పరీక్షలు, తర్వాత వచ్చే ఇబ్బందులు మాత్రం చాలాసార్లు రావు. చెల్లికి తర్వాత ఏదైనా అయితే ఎవరు కడతారో ఆస్పత్రిలో కాగితం మీద రాయించుకోండి.

---

మత్తు_మామ · జూన్ 28, రాత్రి 10:20

చెల్లెమ్మా, సర్జన్‌ను కలిసేటప్పుడు మొహమాటపడకుండా అడుగు. "కుడి భాగం రోబోతో మీరు ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని మధ్యలో ఓపెన్‌కు మార్చారు?" అని. మార్చడం తప్పు కాదు. ఒక్కటి కూడా మార్చలేదని గొప్పగా చెబితేనే నాకు అనుమానం. నీ పిత్తనాళాల బొమ్మ చూపించమను. అసలు కథంతా అక్కడే.

ఎందుకో చెప్తా. రక్తనాళాలు కుడివైపుకు పోయేవి కాసేపు బిగిస్తాం. చేతి నరంలో ఇండోసయనిన్ గ్రీన్ అనే పచ్చమందు ఎక్కిస్తాం, అది మా పనే. సర్జన్ కెమెరాను వేరే కాంతికి మారుస్తాడు. తెర నల్లబడుతుంది. అరనిమిషం ఏమీ ఉండదు. తర్వాత ఎడమవైపు లివర్ మెల్లగా పచ్చగా వెలుగుతుంది, వానాకాలం మొదట్లో వరిమడి మాదిరి. కుడివైపు చీకటే. ఆ రెంటి మధ్య గీత మీద కోసుకుంటూ పోతారు. ఇంకాసేపటికి ఆ మందు పైత్యంలోకి దిగి పిత్తనాళం కూడా దారంలా మెరుస్తుంది. దాన్ని ఎక్కడ కత్తిరించాలన్నది మిల్లీమీటర్ల లెక్క. కుడికి జరిగితే నాయన వైపు రెండు మూడు రంధ్రాలై కుట్టడం కష్టం. ఎడమకు జరిగితే నీకు మిగిలిన గొట్టం ఇరుకై కామెర్లు వస్తాయి. పలమనేరు అన్నకు కారింది కూడా ఇట్లాంటి చోటే అయ్యుంటుంది. కోత పెద్దదా చిన్నదా అన్నదానితో దానికి సంబంధం లేదు. అక్కడ ఎవరి చెయ్యి ఉందన్నదే లెక్క. రోబోలో ఇంకో లోటు, దారం ఎంత బిగుతుగా లాగుతున్నామో చేతికి తెలీదు, కంటితో చూసి పట్టుకోవాలి. కొత్త మోడల్‌లో ఆ స్పర్శ కొంత ఇచ్చారు.

---

చంద్రగిరి_పిల్ల · జూలై 2, సాయంత్రం 6:05

అడిగినా మామా. కాగితం మీద రాసుకోనిపోయి అడిగినా. డాక్టరు కంప్యూటరు చూడకుండానే రెండు అంకెలూ చెప్పినాడు. మూడుసార్లు ఓపెన్ చేయాల్సొచ్చిందంట, అందులో ఒకటి ఎందుకో బొమ్మ గీసి చూపించినాడు. మంచం పక్కన నిలబడే డాక్టరమ్మను పిలిపించి పరిచయం చేసినాడు. ఆమెది పుత్తూరంట! తెలుగులో మాట్లాడేసరికి అమ్మ ఆమె చెయ్యి పట్టుకోని వదల్లేదు.

నాకు కుడివైపు నాళాలు రెండు, దగ్గరదగ్గరగా విడివిడిగా కలుస్తా ఉండాయంట. రోబోతో మొదలుపెడతాము, పచ్చమందులో ఆ చోటు సరిగ్గా కనపడకుంటే కడుపు తెరుస్తాము, ఒప్పుకుంటేనే సంతకం పెట్టు అన్నాడు. "మచ్చ గురించి నేను ఆలోచించేది ఆఖరున" అని అమ్మ మొహం మీదే చెప్పినాడు. అమ్మ గమ్మున ఉండిపోయింది. బయటికొచ్చినాక "ఈయనైతే చెయ్యనీ" అనింది.

అవయవం ఇచ్చేదానికి అనుమతిచ్చే కమిటీ ముందు కూడా కూర్చున్నాము. ఆధారు, రేషను కార్డు, నా పదో తరగతి సర్టిఫికెట్టు, అన్న పెండ్లి ఫోటో. మాట్లాడేది వీడియో తీసినారు. నాయన మగతలో నా పేరు అడిగితే చెప్పలేకపోయినాడు, లివర్ పాడైతే విషం తలకెక్కి అట్లా అవుతాదంట. ఫోటోలో మాత్రం నన్ను వేలుపెట్టి చూపించినాడు.

తేదీ 15. ఎక్కువ డబ్బు ఎట్లా కట్టినారని అమ్మను అడిగితే అన్న పక్కకు చూస్తా ఉండాడు. నేను అన్నీ చదివినాలే అన్నా. ఆటో అమ్మితే మాట్లాడను.

---

నగరి_నేత · జూలై 2, రాత్రి 9:00

ఆ డాక్టరు మాట బాగుంది. నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటా. మొత్తం కాదు.

---

పలమనేరు_పాలోడు · జూలై 16, ఉదయం 6:12

ఎవురికన్నా తెలిసిందా? 96, చెప్పు నాయనా.

96_కేజీలు · జూలై 16, మధ్యాహ్నం 12:40

ఇద్దరూ ఐసీయూలో. చెల్లెలిది ఎనిమిదిన్నర గంటలు. తెరవలేదు, రోబోతోనే అయింది. నాయనది పద్నాలుగు గంటలు. ఇప్పుడే చూసొచ్చినా, గొట్టాలే గొట్టాలు. నిద్రొస్తా ఉండాది, మళ్ళీ రాస్తా.

---

చంద్రగిరి_పిల్ల · జూలై 29, ఉదయం 11:20

నేను బాగుండాను. ఆస్పత్రి పక్క వీధిలో అద్దె గదిలో ఉండాము. మా వీధి చివర తిరుపతాయన పెట్టిన టిఫిన్ అంగడి ఒకటి ఉండాది, ఎర్రకారం దోశె వాసన ఇక్కడిదాకా వస్తాది, నాకు మాత్రం ఇడ్లీనే.

మదనపల్లె అక్కా, భుజం నొప్పి నువ్వు చెప్పినట్టే. ముందే తెలుసు కాబట్టి నర్సును లేపలేదు. మూడు బంతులున్న డబ్బా ఒకటిచ్చి ఊపిరి పీల్చమన్నారు. మొదటి దినం ఒక్క బంతి లేచి కూలబడేది. నాలుగో దినానికి రెండు. మూడోది ఇంకా లేవడం లేదు, అన్న పీలిస్తే ఒక్క దెబ్బకు మూడూ పైకి, వాడికదొక గర్వం.

నాళం రెండు రంధ్రాలే వచ్చినాయంట. నాయన వైపు రెండూ కలిపి ఒక్కటిగా కుట్టినారు. నాకు ఐదో దినం గొట్టంలో పైత్యం రవ్వంత కనపడింది. పలమనేరన్న గుర్తొచ్చి గుండె జారింది. పుత్తూరు డాక్టరమ్మ వచ్చి మంచం మీద కూర్చోని, ఎక్కడినుంచి, ఎందుకు, ఎన్ని దినాలు చూస్తాము, ఆగకపోతే ఏం చేస్తాము అన్నీ చెప్పింది. మూడు దినాల్లో ఆగింది. గొట్టం నిన్న తీసేసినారు.

నాయనకు మూడో దినం రక్తం కారతా ఉండాదని మళ్ళీ థియేటర్‌కు తీసుకుపోయినారు. ఆ రాత్రి గురించి రాయలేను. ఆరో దినం కళ్ళు తెరిచి సరిగ్గా చూసినాడు. కండ్లలో పసుపు సగం పోయింది. నా పేరు పిలుస్తాడని అద్దం ఇవతల నిలబడి కాచుకోనుంటే, నర్సుతో తెలుగులో అడిగినాడంట: "ఆవుకు కుడితి ఎవురు పెడతా ఉండారు?" అరవ నర్సు ఆ మాట అర్థం కాక అన్నను పిలిచింది.

ఒక సందేహం. ఎప్పటినుంచి బరువు ఎత్తొచ్చు? ఇక్కడ నీళ్ళ బిందె కూడా వద్దంటా ఉండారు.

---

మత్తు_మామ · జూలై 29, మధ్యాహ్నం 2:15

సంతోషం చెల్లెమ్మా. రెండు నెలలు బిందె ముట్టొద్దు. పైన గీతలు చిన్నవే అయినా కింద కోత నిజమైన కోతే, అక్కడ హెర్నియా రావచ్చు. నొప్పికి మాత్రలు సొంతంగా మింగొద్దు. పెళ్ళి ఎప్పుడైనా చేసుకో, బిడ్డ మాత్రం ఏడాది ఆగి.

---

పలమనేరు_పాలోడు · జూలై 29, రాత్రి 8:45

ఆ డాక్టరమ్మ చెప్పిన నాలుగు మాటలు నాకు 2017లో ఎవురన్నా చెప్పి ఉంటే!

నీళ్ళ బిందె అన్న ఎత్తతాడులే, ఇప్పుడు ఎన్ని కేజీలు?

96_కేజీలు · జూలై 29, రాత్రి 9:10

88. పేరు మార్చడం ఎట్లో మోడరేటర్ గారు చెప్పాల.

---

చంద్రగిరి_పిల్ల · జూలై 30, ఉదయం 7:33

ఇంకో చిక్కు. మాకెవురికీ చెప్పకుండా అమ్మ మొక్కుకోనుండాది, నాయన, నేను ఇద్దరమూ అలిపిరి మెట్లెక్కి వచ్చి తలనీలాలు ఇస్తామని. 3,550 మెట్లు! నాయన మొదటి నెల్లలో జనంలోకే పోకూడదన్నారు, మందుల వల్ల ఏ జబ్బయినా ఇట్టే అంటుకుంటాదంట. ఎప్పుడు ఎక్కొచ్చు?

పలమనేరు_పాలోడు · జూలై 30, ఉదయం 7:50

నేను ఆరో నెలలో ఎక్కినా. మోకాళ్ళ పర్వతం దగ్గర అరగంట కూర్చున్నా. నాయన సంగతి డాక్టర్నే అడుగు.

96_కేజీలు · జూలై 30, ఉదయం 8:02

వాళ్ళ బదులు నేను ఎక్కితే చెల్లుతాదా అని అయ్యోర్ని అడగమన్నా. రోజూ సగం దాకా ఎక్కిందే కదా. గుండు మాత్రం చెల్లెలు చేయించుకోదంట, అమ్మ మొక్కింది కాబట్టి అమ్మనే చేయించుకోమంటా ఉండాది.